కల్పభేదం చెరిపివేత కాదు

శ్రీగురుభ్యో నమః

ఇటీవల ఒక పురాణప్రవచనసభలో వక్తగారు, యువశ్రోతలను ఆకర్షించే ఉద్దేశంతో కాబోలు, ఒక పోలిక చెప్పారు. "అమెరికా కామిక్స్‌లో సూపర్‌మ్యాన్ కథను కొన్నేళ్లకొకమారు మొదటినుండి మార్చి వ్రాస్తారు. మన కల్పభేదం కూడా అటువంటిదే. ఆ ఉపాయం మన ఋషులకు ఏనాడో తెలుసు" అన్నారు. సభ కరతాళధ్వనులతో హర్షించింది. సభానంతరం ఒక యువకుడు నా వద్దకు వచ్చి ఇట్లా అడిగాడు: "అయ్యా, ఆ మార్పులు సహించలేకనే చిన్ననాటినుండి చదువుతున్న ఆ పుస్తకాలను విడిచిపెట్టాను. పురాణాలూ అటువంటివే అయితే వీటినీ విడిచిపెట్టవలసిందేనా?"

చప్పట్లు కొట్టిన సభకన్న ఈ యువకుడే వక్తగారి మాటను శ్రద్ధగా విన్నాడు. ఆ పోలిక పురాణాలను సమర్థించేది కాదు, వాటి ప్రామాణ్యాన్ని మూలంలో ఛేదించేది. దానిని నిరూపించడమే ఈ వ్యాసప్రయోజనం.

ముందుగా ఆ కామిక్స్ సంగతిని యథార్థంగా తెలుసుకోవాలి. బాలవినోదమని త్రోసిపుచ్చితే విచారం సాగదు. 1938లో ఆరంభమైన సూపర్‌మ్యాన్ కథ నేటికీ సాగుతున్నది. ఎందరో రచయితలు, ఎందరో చిత్రకారులు అందులో చేయివేశారు. నాయకునికి వయస్సు రాదు. చుట్టూ ఉన్న లోకం మాత్రం మారిపోతుంది. కనుక పాత సంఘటనలకూ క్రొత్తవాటికీ పొత్తు కుదరదు. ఈ చిక్కును విప్పడానికి ప్రచురణకర్తలు వెనుకకు మళ్లి, జరిగిపోయిన కథనే మార్చడం అలవాటు చేసుకున్నారు. పాఠకులు దీనిని 'రెట్కాన్' అంటారు.

1985–86లో డీసీ సంస్థ 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అనే పన్నెండు సంచికల కథతో తన అనేక లోకాలను ఒక్క లోకంగా కుదించింది. ఆ కథలో సూపర్‌గర్ల్ అనే వీరాంగన ఇతరుల రక్షణకై ప్రాణత్యాగం చేస్తుంది. పాఠకులు కన్నీరు పెట్టారు. అనంతరం ఏర్పడిన క్రొత్త లోకంలో క్రిప్టాన్ గ్రహంనుండి బ్రతికి బయటపడినవాడు సూపర్‌మ్యాన్ ఒక్కడే అని నిర్ణయించారు. అనగా ఆమె మరణించలేదు, అసలు పుట్టనేలేదు. మరణించినవారికి శ్రాద్ధమైనా ఉంటుంది. పుట్టనేలేదని తీర్మానింపబడినవారికి తిలోదకం వదిలేదెవరు?

అంతటితో ఆగలేదు. 1994లో మరొకమారు, 2005–06లో వేరొకమారు సవరణలు జరిగాయి. 2011లో యాభై రెండు పత్రికలను ఒకటవ సంచికనుండి పునఃప్రారంభించారు. 1996లో అత్యంతవైభవంగా జరిపించిన సూపర్‌మ్యాన్, లోయిస్‌ల వివాహం అప్పుడు లేకుండా పోయింది. మార్వెల్ సంస్థ 1987లో స్పైడర్‌మ్యాన్‌కు మేరీ జేన్‌తో పెండ్లి చేసింది. ఇరువది ఏళ్ల తరువాత, 2007లో, మెఫిస్టో అనే దుష్టశక్తితో ఒడంబడిక చేయించి, ముసలి పినతల్లి ప్రాణానికి బదులుగా ఆ వివాహాన్నే జరుగనిదానిగా మార్చివేసింది. నాయకుడు అవివాహితుడుగా ఉంటే కథలకు అవకాశం ఎక్కువ అన్నదే వారి హేతువు.

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది: "ఇవన్నీ కల్పితాలు. కల్పితాన్ని కల్పించినవాడు మార్చుకుంటే దుఃఖమెందుకు?" ఈ ఆక్షేపం నిలువదు. మార్పు దోషమని ఎవరన్నారు? మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో దుర్వాసశాపం లేదు, అంగుళీయకం లేదు. కాళిదాసు రెండింటినీ చేర్చాడు. ఏ సహృదయుడూ దానికి కోపించలేదు. ఎందుకనగా కాళిదాసు భారతకథను చెరిపివేయమని అడుగలేదు. వ్యాసుని శకుంతల వ్యాసునివద్ద ఉన్నది, కాళిదాసు శకుంతల నాటకంలో ఉన్నది. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి. ఆ నాటకంలోనూ ఒక భర్త తన వివాహాన్ని మరచిపోతాడు. కాని ఆ విస్మృతి అక్కడ శాపం, అది తీరవలసినది. ఉంగరం కనబడేదాకా ప్రేక్షకుని ప్రాణం కుదుటపడదు. స్పైడర్‌మ్యాన్ కథలో విస్మృతి శాపం కాదు, ప్రచురణకర్త కోరుకున్న ఫలం. జాలరికి దొరికే ఉంగరం అక్కడ లేదు. పాఠకుని ఉద్వేగమంతా ఈ భేదంలోనే ఉన్నది.

మరొక ఆక్షేపం: "ఎనభై ఏళ్లకు పైగా, ఎన్నో చేతులు వ్రాసిన కథలో వైరుద్ధ్యాలు అనివార్యం గదా?" వైరుద్ధ్యాలు అనివార్యమే కావచ్చు, చెరిపివేత అనివార్యం కాదు. తెలుగువారికి దీనికి దృష్టాంతం ఇంటిలోనే ఉన్నది. పదకొండవ శతాబ్దిలో నన్నయ ఆరంభించిన భారతం అరణ్యపర్వమధ్యంలో ఆగిపోయింది. పదమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వంనుండి వ్రాశాడు. పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన అరణ్యపర్వశేషాన్ని పూరించాడు. మూడు శతాబ్దాలు, ముగ్గురు కవులు, మూడు శైలులు. ఎఱ్ఱన తాను పూరించిన భాగాన్ని నన్నయకు ప్రభువైన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. ఏనాడో గతించిన రాజు ఆయనకు ఏమీ ఈయలేడు. పూర్వకవి మొదలుపెట్టిన వాక్యాన్ని అతని మాటగానే ముగించాలన్న నిష్ఠ అది. అటువంటి నిష్ఠ ఉన్నచోట చేతులెన్ని మారినా శ్రోతకు ద్రోహం జరుగదు.

ఇక శాస్త్రవిచారానికి వద్దాం. అద్వైతంలో 'బాధ' అనే పదానికి నిర్దిష్టార్థం ఉన్నది. రజ్జుజ్ఞానం సర్పజ్ఞానాన్ని బాధిస్తుంది. రజ్జువు అధిష్ఠానం గనుక, దాని జ్ఞానం ప్రబలప్రమాణంనుండి పుట్టినది గనుక దానికి ఆ శక్తి ఉన్నది. బాధ జరిగిన తరువాత కూడా "ఇంతసేపూ పాముగా తోచింది" అన్న స్మృతి మిగులుతుంది. వేదాంతి పాము లేదంటాడే గాని, నీవు భయపడలేదని అనడు. స్వప్నం మిథ్య అంటాడే గాని, నీవు కల కనలేదని అనడు. కామిక్స్‌లో జరిగేది వేరు. అక్కడ పాత పామును తీసి అదే స్థానంలో క్రొత్త పామును పెడతారు. త్రాడు ఎన్నడూ కనబడదు. 2011లో పెట్టినదానిని 2016లో తీయడం మొదలుపెట్టారు. అధిష్ఠానం లేని బాధ అనవస్థకే దారితీస్తుంది. పాఠకుని విసుగు ఆ అనవస్థ అతని హృదయంలో కలిగించే అనుభవమే.

ఇప్పుడు కల్పభేదాన్ని చూడండి. శివపురాణంలో పార్వతీదేవి తన శరీరమలంతో బాలుని నిర్మించగా, శివుడు ఆ బాలుని శిరస్సును ఛేదించాడు. బ్రహ్మవైవర్తపురాణంలో శనైశ్చరుని దృష్టిపాతంచేత శిరస్సు తొలగింది. మన ఇండ్లలో చవితినాడు చదువుకునే వ్రతకథలో గజాసురవృత్తాంతం వస్తుంది. కల్పభేదం వీటిలో దేనిని చెరిపింది? దేనినీ లేదు. ఇది ఒక కల్పంలో, అది వేరొక కల్పంలో అని ప్రతి కథకూ దాని స్థానం చూపింది. శాస్త్రపరిభాషలో చెప్పాలంటే కల్పభేదం వ్యవస్థాపకం, బాధకం కాదు. శనిదృష్టికథ విని పెరిగిన భక్తునితో "నీవు నమ్మినది ఎన్నడూ జరుగలేదు" అని ఏ పౌరాణికుడూ అనడు.

ఈ భేదం స్మృతివిషయంలో అతిస్పష్టం. యోగవాసిష్ఠంలో భుశుండుడనే కాకమహర్షి ఉన్నాడు. మేరుశిఖరంమీద కల్పవృక్షంపై నివసిస్తూ, అనేక సృష్టులను చూచి, ఒక్కొక్క సృష్టిలో సంఘటనలు ఎట్లా భేదించాయో స్మరించగలడు. వసిష్ఠమహర్షి అంతటివాడు స్వయంగా ఆయన వద్దకు వెళ్లి విన్నాడు. 'క్రైసిస్' కథాంతంలోనూ పూర్వలోకాలన్నీ గుర్తున్నవాడు ఒకడు మిగులుతాడు. అతని పేరు సైకో పైరేట్. అతనిని ఉన్మాదుల చికిత్సాలయంలో బంధించి, పాత లోకాలు తనకు జ్ఞాపకమున్నాయని ప్రలపిస్తున్నట్లు చిత్రించారు. ఒక సంప్రదాయంలో కల్పాంతరాలను స్మరించేవాడు జ్ఞాని. ఆయనకు ఋషి నమస్కరిస్తాడు. మరొక వ్యవస్థలో లోకాంతరాలను స్మరించేవాడు పిచ్చివాడు. అతనికి కట్లు వేస్తారు. ఈ రెండింటినీ ఒకటే అన్న వక్తగారు ఏది ఎరిగి అన్నారో ఆలోచించుకోవాలి.

నిజానికి ఆ ప్రచురణకర్తలకూ ఈ దోషం తెలియకపోలేదు. 2011 మార్పులో అదృశ్యమైన వాలీ వెస్ట్ అనే వీరుడు 2016 'రీబర్త్' సంచికలో తిరిగివస్తాడు. తనను గుర్తించమని ఒక్కొక్కరినీ వేడుకుంటాడు. భార్య లిండా కూడా గుర్తించదు. ఇక నశించిపోబోతున్న క్షణంలో గురుస్థానీయుడైన బ్యారీ అతనిని పేరుపెట్టి పిలుస్తాడు. "వాడే వీడు" అన్న ప్రత్యభిజ్ఞ ఒక్కటే అతనిని నిలబెట్టింది. ఆ పుట చదివి పాఠకులు ఎందుకు కరిగిపోయారో తార్కికునికి వివరించనక్కరలేదు. పూర్వాపరాలను కలిపే స్మృతి లేనిచోట వ్యక్తి లేడు, ప్రేమ లేదు, కథ లేదు.

అయితే వక్తగారిని మాత్రమే నిందించి ముగిస్తే న్యాయం కాదు. చెరిపివేతకు అలవాటుపడినవారు మనలోనూ ఉన్నారు. సీతాపరిత్యాగం గురించి ఎవరైనా అడిగితే "ఉత్తరకాండ ప్రక్షిప్తం" అని ఒక్క మాటతో తప్పించుకుంటారు. వారే 1963నాటి 'లవకుశ' చిత్రం చూచి కన్నీరు కారుస్తారు. లవకుశుల జననం ఆ ఉత్తరకాండలోనిదేనని గుర్తుకు రాదు. హేతువులు చూపి ఒక భాగం ప్రక్షిప్తమని నిర్ణయించడం విద్వత్కార్యం. దానికి మార్గం ఉన్నది. పూనాలోని భండార్కర్ సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత పరిశోధితప్రతిని చూడండి. తాము మూలంలో చేర్చని శ్లోకాలను సైతం ఆ పండితులు పుట అడుగునా అనుబంధాలలోనూ భద్రపరిచారు. వినాయకుడు వ్యాసునికి లేఖకుడైన ప్రసిద్ధవృత్తాంతం అటువంటి అనుబంధంలోనిదే. కాదన్నదానిని కూడా కనబడనిచ్చారు. ఇబ్బంది కలిగినప్పుడల్లా ప్రక్షిప్తమనడం, గ్రంథాధారం లేకుండా కల్పభేదమనడం మాత్రం ప్రచురణకర్త పనే. పేరు సంస్కృతంలో ఉన్నంతమాత్రాన అది శాస్త్రం కాదు.

ఆ యువకునికి చెప్పిన సమాధానమే ఇక్కడ నివేదిస్తాను. "నాయనా, నీవు ఆ పుస్తకాలను విడిచినందుకు సిగ్గుపడనక్కరలేదు. నీవు చదివినది, ఏడ్చినది జరుగనేలేదన్నవారిని నమ్మలేకపోయావు. పురాణం నిన్ను ఆ మాట నమ్మమనదు. మూడు కథలు వింటే మూడింటినీ గుర్తుంచుకో. ఏ గ్రంథంలో ఏది ఉన్నదో అడిగి తెలుసుకో. చెప్పేవాడు ఒకదానిని దాచితే ఎందుకు దాచావని నిలదీయి, అది నేనైనా సరే." అతడు మరుసటివారం శివపురాణం అనువాదం చేతపట్టుకొని, మూడు ప్రశ్నలు వ్రాసుకొని వచ్చాడు. వాటిలో ఒకదానికి నావద్ద ఇంకా ఉత్తరం లేదు. కల్పభేదమని చెప్పి పంపివేయలేదు. గ్రంథం చూడవలసి ఉన్నదని చెప్పాను.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.