దానమును, దాయభాగమును



పటాన్‌చెరువునుండి సంగారెడ్డి వఱకు బాటకిరువైపుల నొకప్పుడు జొన్నచేలుగా నున్న నేల నేడు కర్మాగారములతో నిండి, గజముల లెక్కను అమ్ముడుపోవుచున్నది. నేలవెల పెరిగినకొలది ఆడుబిడ్డ భాగమును గూర్చిన మాట సన్నగిల్లుట అన్ని మతములవారి యిండ్లలోను గలదు. ఇచ్చట హిందువులును ముసల్మానులును ఇరుగుపొరుగువారు. కావున ఇస్లాము ధర్మశాస్త్రము దానమును, దాయభాగమును ఎట్లు పొందుపఱచినదో ఈ మాసము విచారింతము.

ఖురానునందలి నాలుగవ అధ్యాయమునకు ‘స్త్రీలు’ అనియే పేరు. వారసుల భాగములు అందు వంతులతో నిర్ణయింపబడినవి. గృహస్థుడు మరణించినచో మొదట ఖననపు వ్యయము, పిదప అప్పులు తీర్పవలెను. భార్యకు చెల్లింపని మెహరుకూడ అప్పే. అటుపిమ్మట వీలునామా. వారసుల సమ్మతి లేనిదే అది మూడవవంతును మించరాదు. ఈ హద్దునకు మూలమైన కథ వినదగినది. సాదు అను ప్రవక్త శిష్యుడు జబ్బుపడి, తనకు కుమార్తె యొక్కతెయే గలదనియు, ధనమెల్ల దానము చేయుదుననియు పలికెను. ప్రవక్త వలదనెను. సగమన్నను ఒప్పక, మూడవవంతే అధికమనియు, వారసులను యాచకులుగా విడుచుటకంటె కలవారిగా విడుచుట మేలనియు బోధించెను.

లెక్క యొకటి చూతము. ఒకడు అప్పులు తీరగా 48 లక్షల రూపాయలు విడిచి, అందు 16 లక్షలు మసీదునకు వ్రాసె ననుకొందము. తల్లిదండ్రులు లేరు. మిగిలిన 32 లక్షలలో భార్యకు ఎనిమిదవవంతు 4 లక్షలు. తక్కిన 28 లక్షలలో కుమారునికి 14, ఇద్దఱు కుమార్తెలకు చెఱి 7 లక్షలు. కుమార్తెకు సగమే యేల యని మీరడుగుదురు. కుటుంబపోషణభారము పురుషునిది గనుక నని శాస్త్రజ్ఞుల సమాధానము. అది చాలునో చాలదో మీరే యోచింపుడు. కాని ఆ సగము అన్నదమ్ముల దయాధర్మము కాదు. పెండ్లిఖర్చుతో చెల్లిపోవునదియు కాదు. హిందువులలో పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమభాగము ఆంధ్రప్రదేశమున 1985లోను, దేశమంతటను 2005లోను గదా వచ్చినది!

ఇక వక్ఫు. మూలధనమును కదల్పక నిలిపి, దాని ఫలమును ధర్మమునకు వినియోగించుట వక్ఫు. అట్టి ఆస్తి అమ్మరాదు, వారసులకు పోదు. ముతవల్లీ దానికి కావలివాడేగాని యజమాని కాడు. ఏది వక్ఫో తేల్చుట యెంత కష్టమో మణికొండ వ్యాజ్యము చూపినది. అచ్చటి 1654 ఎకరముల 32 గుంటల జాగీరు భూమి హుసేన్ షా వలీ దర్గా వక్ఫని బోర్డును, కాదని ప్రభుత్వమును పోరాడగా, 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు అది ప్రభుత్వమునకే చెందునని తీర్పు చెప్పెను.

మూడవవంతు హద్దు వీలునామాకును, మరణవ్యాధిలో చేసిన దానమునకును మాత్రమే. ఆరోగ్యవంతుడు బ్రతికియుండగా చేసిన వక్ఫునకు హనఫీ శాస్త్రమున హద్దు లేదు. ఫలమును తన సంతతివారే అనుభవించి, తుదకు పేదలకు చెందునట్లు వ్రాయు కుటుంబవక్ఫును 1894లో ప్రీవీ కౌన్సిలు చెల్లదనెను; 1913 శాసనము చెల్లునట్లు చేసెను. అందు కొడుకుల పేర్లే వ్రాసినచో కూతుండ్ర గతి యేమి? 2025 వక్ఫు సవరణ శాసనము, కుటుంబవక్ఫువలన స్త్రీలతో గూడ ఏ వారసుల హక్కును లోపింపరాదని నిర్దేశించినది. ఆ శాసనముపై వ్యాజ్యములు రాగా, 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను తాత్కాలికముగా నిలిపివేసెను. ఈ నియమము వానిలో లేదు.

కావున మా మనవి యిది. ‘దేవుని పేర వ్రాయుచున్నాము, వ్రేలిముద్ర వేయు’మని అన్నదమ్ములు కాగితము తెచ్చినపుడు చదువక, చదివించుకొనక వేయకుడు. మెహరు ముట్టినదా లేదా యని వ్రాతలో నుంచుకొనుడు. స్థలము కొనునపుడు అది వక్ఫు జాబితాలో నున్నదేమో విచారింపుడు. కూతును వట్టిచేతులతో నిలిపి చేయు దానమును ప్రవక్తయే వలదనెనని, అడుగుటకు సంకోచించు పొరుగింటి సోదరికి తెలియజెప్పుడు.