నిద్రలేమి లక్షణమేనా?



కుంగుబాటు వస్తే నిద్ర కరువవుతుందని గత సంచిక వ్యాసంలో రాశారు. అది సగం నిజం. చాలామందిలో నిద్రలేమే ముందొస్తుంది. 2011లో 21 దీర్ఘకాల అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే, నిద్ర పట్టనివారికి తర్వాత కుంగుబాటు వచ్చే ముప్పు దాదాపు రెట్టింపని తేలింది.

ఈ సంగతి గల్ఫ్‌లోని తెలుగువారికి తప్పక తెలియాలి. బహ్రెయిన్‌లో సముద్రం పూడ్చి కట్టిన అమ్వాజ్ దీవుల్లో హోటళ్లకు, కాపలా గదులకు రాత్రీపగలూ మనుషులు కావాలి. రాత్రి డ్యూటీ దిగి ఉదయం ఏడింటికి గదికి చేరేసరికి కరీంనగర్‌లో తొమ్మిదిన్నర. ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యేదీ, పక్క మంచాలవాళ్లు లేచి తిరిగేదీ అప్పుడే. పగటి నిద్ర ముక్కలైపోతుంది. దాన్ని బద్ధకమనో బెంగ అనో కొట్టిపారేయడం అన్యాయం.

నిద్రలేమికి మందులొక్కటే దారి కాదు. లాస్ ఏంజెలిస్‌లో 60 దాటిన 291 మంది నిద్రలేమి బాధితులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. నిద్ర అలవాట్లను, నిద్రపై భయాలను సరిదిద్దే చికిత్స పొందినవారిలో మూడేళ్లలో కుంగుబాటు బారిన పడినవారు, మిగతావారితో పోలిస్తే దాదాపు సగమే.

ఇంటివాళ్లకు ఒక మనవి: డ్యూటీ వేళలు అడిగి ఫోన్ చేయండి. వారాల తరబడి నిద్ర లేనివారు డాక్టరుకు ఆ మాటే ముందు చెప్పండి.

— ఒక పాఠకుడు, అమ్వాజ్, బహ్రెయిన్