ఏడాదిలో తొమ్మిది

పోయిన జూన్ నుంచి ఈ మే దాకా నేను కొన్న బట్టలు, చెప్పులు, బ్యాగులు, చెవులకి పెట్టుకునేవి అన్నీ కలిపి తొమ్మిది. లోదుస్తులు, సాక్సులు, ల్యాబ్ ఏప్రన్ ఈ లెక్కలో లేవని ముందే చెప్పేస్తున్నాను. అవి కావాల్సినప్పుడు కొనాల్సిందే, వాటి మీద తత్వశాస్త్రం అక్కర్లేదు. మిగతావి ఇవీ: మంగళగిరి కాటన్ డ్రెస్ పీసులు రెండు, జీన్స్ ఒకటి, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల కోసం నల్ల ప్యాంటు, తెల్ల షర్టు, ఒక జత షూస్, ఒక జత చెప్పులు, కాలేజీ బ్యాగు, జుంకాలు. అంతకు ముందు ఏడాది షాపింగ్ యాప్‌లో ఆర్డర్ హిస్టరీ లెక్కేస్తే 31.

పద్ధతి ఏమంత గొప్పది కాదు. నచ్చింది కనిపిస్తే ఫోన్ నోట్స్‌లో తారీఖు వేసి రాయడం, 15 రోజులు ఆగడం. ఆ పక్కనే రెండు సంగతులు రాయాలి. నా దగ్గర ఉన్నవాటిలో దేని మీదకి వేసుకుంటాను? పాడైతే ఎవరు బాగు చేస్తారు? ఏడాదిలో నోట్స్‌లోకి ఎక్కినవి 47. కొన్నవి 9. మిగిలిన 38లో చాలావాటిని ఇప్పుడు చదువుతుంటే అది ఎలా ఉంటుందో కూడా గుర్తు రావట్లేదు. 'ఆలివ్ గ్రీన్ షార్ట్ కుర్తా, పాకెట్ ఉంది' అని ఉంది. ఏ కుర్తా? పాకెట్ ఉందన్న సంతోషం మాత్రం రాతలో కనబడుతోంది. (అమ్మాయిల బట్టలకి పాకెట్లు ఎందుకుండవు అనేది ఇంకో వ్యాసం.) సేల్ అయిపోతుందేమో అనే భయం కూడా పోయింది. ఆషాఢానికి ఉంటుంది, దసరాకి ఉంటుంది, సంక్రాంతికి ఉంటుంది, రిపబ్లిక్ డేకి కూడా ఉంటుంది. మనం పారిపోయినా అదే వెతుక్కుంటూ వస్తుంది.

దీన్ని మినిమలిజం అనకండి, దండం పెడతాను. యూట్యూబ్‌లో తెల్ల గోడ ముందు ఆరు లేత గోధుమరంగు చొక్కాలు వేలాడదీసి జీవితం తేలికైందని చెప్పేవాళ్ళు మా మెస్‌లో ఒక్క పూట సాంబారు తిని చూడాలి. ఆ రంగులు మనకి ఆగవు. నాకు రంగులిష్టం, జుంకాలిష్టం. నేను చేసింది ఆచితూచి కొనడం, అంతే.

ఆచితూచి కొనాలంటే ముందు బట్ట గురించి కొంచెం తెలియాలి. మనం రెసిస్టర్ కొంటే టాలరెన్స్ చూస్తాం, ల్యాప్‌టాప్ కొనేముందు వారం రోజులు రివ్యూలు చూస్తాం. ఒంటికి ఆనుకుని ఉండే బట్ట లోపలి లేబుల్ మాత్రం గుచ్చుకుంటోందని కత్తిరించి పడేస్తాం. అందులో అసలు సంగతంతా ఉంటుంది. టెక్స్‌టైల్ వాళ్ళు మాయిశ్చర్ రీగెయిన్ అని ఒక కొలత వాడతారు. పొడి నూలు తన బరువులో ఎంత శాతం తేమని గాల్లోంచి పీల్చుకుంటుందో చెప్పే అంకె అది. కాటన్‌కి దాదాపు 8.5, పాలియెస్టర్‌కి 0.4. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ల్యాబ్‌లో కూర్చుంటే వీపుకి అంటుకునే కుర్తా ఏదో, అంటుకోనిది ఏదో ఈ రెండంకెలే చెప్పేస్తాయి. అలాగని పాలియెస్టర్‌ని తిట్టడానికి లేదు. తేమ పీల్చదు కాబట్టే వానాకాలం హాస్టల్ వరండాలో అదొక్కటే ఒక్క రాత్రిలో ఆరుతుంది. ఆటలకి, రెయిన్‌కోటుకి దాన్ని మించింది లేదు. కాకపోతే అది వాటర్ బాటిల్ చేసే ప్లాస్టిక్కే, ఉతికిన ప్రతిసారీ సన్నటి పోగులు నీళ్ళలోకి వదులుతుంది.

మన హాస్టల్స్‌లో ఎక్కువమందిని ముంచేది రేయాన్. షాపులో చేత్తో పట్టుకుంటే పట్టులా జారుతుంది, ధర తక్కువ, ప్రింట్లు బావుంటాయి. చెక్క గుజ్జులోంచి తీసే నార అది. తడిస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది. కాటన్ దీనికి పూర్తిగా రివర్సు, తడిస్తే ఇంకాస్త గట్టిపడుతుంది. మనం బకెట్లో నానబెట్టి, బండ మీద బ్రష్షుతో తోమి, బలమంతా పెట్టి పిండేవాళ్ళం. రేయాన్ కుర్తా చంకల దగ్గర విడిపోవడానికి కారణం మన దురదృష్టం కాదు. రేయాన్ ఉంటే బ్రష్షు తగలనీయకండి, పిండకుండా వేలాడదీయండి, రెండేళ్ళు వస్తుంది.

ఒక టీషర్టుకి 2,700 లీటర్ల నీళ్ళు అనే లెక్క మీరూ రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ అంకె పట్టుకుని భయపడటం నాకంత నచ్చదు. పత్తి ఎక్కడ పండింది, కాలవ నీళ్ళా వాననీళ్ళా అన్నదాన్ని బట్టి లెక్క చాలా మారుతుంది. తెలంగాణలో పత్తి ఎక్కువగా వాన మీదే ఆధారపడిన పంట. నన్ను కదిలించిన అంకె వేరే. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలుండేవి. ముందు రోజే గోడల్లో పగుళ్ళు కనబడ్డాయి. కింద ఉన్న బ్యాంకు, షాపులు మూసేశారు, కుట్టేవాళ్ళని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. సివిల్ వాళ్ళు ఆ భవనం మీద కేస్ స్టడీ చదువుకుంటారు. బట్టలు కొనే బ్రాంచిలన్నీ చదవాలని నా అభిప్రాయం.

ఇక డబ్బు సంగతి. 400 పెట్టి కొన్న కుర్తా నాలుగుసార్లు వేసి వదిలేస్తే వేసిన ప్రతిసారికీ 100 పడుతుంది. మంగళగిరి పీసు, కుట్టుకూలి కలిపి 1,400 అయింది, ఇప్పటికి 45 సార్లు వేశాను, సారికి 31 రూపాయలు. మార్చిలో ఈ లెక్కని ఒక టేబుల్‌గా వేసి కారిడార్లో చూపించాను. అందరూ బావుందన్నారు. ఒక జూనియర్ మాత్రం అంది: "అక్కా, నాకు ఇంటర్ నుంచీ నాలుగు జతలే. వాటిలో ఒక్కోదాన్ని రెండొందలసార్లు వేసుంటాను. నన్నెవరూ మైండ్‌ఫుల్ అనలేదు. ఇంకో డ్రెస్ లేదా అనడిగారు."

ఆ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగాను. ఆ టేబుల్‌లో అంకెలు కరెక్టే. కానీ ఒకేసారి 1,400 చేతిలో ఉన్నవాళ్ళకే అది పనికొస్తుంది. నెలకి 400 మాత్రమే మిగిలేవాళ్ళు ఆ 400 కుర్తానే కొంటారు. వాళ్ళకి లెక్క రాక కాదు, చేతిలో ఉన్నది అంతే కాబట్టి. అమ్మమ్మల కాలం గురించి కూడా మనం ఇలాగే తియ్యగా మాట్లాడతాం. పాత చీరలతో బొంత కుట్టేవారు, అక్క పరికిణీ చెల్లికి వచ్చేది, చిరిగినవన్నీ పోగేసి స్టీలు గిన్నెలమ్మికి ఇచ్చి ఒక టిఫిన్ బాక్సు తెచ్చుకునేవారు. అదంతా నిజమే. మా అమ్మమ్మనడిగితే మాత్రం, "ఉంటే ఎవరు కుడతారే బొంత" అంటుంది. ఎంచుకుని తక్కువ కొనడం వేరు, లేక తక్కువ కొనడం వేరు. మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని జాలిగా చూసే క్యాంపస్‌లో నా తొమ్మిదికి పెద్ద విలువేం లేదు.

బాగు చేయించుకోవడం గురించి మాత్రం అందరికీ పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. ఈ ఏడాది బట్టల మీద నేను పెట్టిన ఖర్చులో నాకు బాగా గిట్టుబాటైంది అదే. జీన్స్ జిప్పు మార్చడానికి టైలర్ మాస్టారు 70 తీసుకున్నారు. పాత కుర్తాల నాలుగింటికి పక్కలు వదులు చేయించాను. ఖర్చీఫు గుడ్డతో ఒక దానికి పాకెట్ కూడా పెట్టించాను, "ఇదెవరు నేర్పారమ్మా నీకు" అని నవ్వారాయన. చెప్పులు పెద్ద షోరూంలోనే కొన్నాను, రెండో నెలలో పట్టీ ఊడింది. గ్యారంటీ సోల్‌కే, పట్టీకి కాదన్నారు. బస్టాపు దగ్గర చెప్పులు కుట్టే తాత 30 రూపాయలకి కుట్టిచ్చాడు, ఇప్పటికీ ఆ కుట్టే ఆగింది. జుంకాలు బందరు రోల్డ్‌గోల్డ్‌వి. పర్ఫ్యూము కొట్టుకున్నాక పెట్టుకోవాలి గానీ పెట్టుకున్నాక కొట్టుకోకూడదు, పాలిష్ పోతుంది. తీశాక పొడిబట్టతో తుడిచి దూదిలో పెడితే చాలు.

చేనేత విషయంలో నాకో చిన్న పేచీ ఉంది. 1905 ఆగస్టు 7న మొదలైన స్వదేశీ ఉద్యమం గుర్తుగా 2015 నుంచి ఆ రోజుని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. మంచిదే. మనం ఏం చేస్తున్నాం? ఆగస్టు 5 రాత్రి 'ఎల్లుండి అందరూ హ్యాండ్‌లూమ్' అని గ్రూపులో మెసేజ్ వస్తుంది. 6న అందరూ దగ్గర్లో దొరికిన ఇక్కత్ ప్రింటు కొంటారు. ప్రింటు! అసలు పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందు కట్లు కట్టి రంగులద్ది, తర్వాత మగ్గం మీద నేస్తారు. అందుకే డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొద్దిగా అలుక్కున్నట్టుంటాయి. వెనక్కి తిప్పితే వెలిసిపోయినట్టు కనిపిస్తే అది ప్రింటు. ప్రింటు కట్టుకోవడం తప్పేం కాదు. దాన్ని కట్టుకుని నేతన్నకి జై అనడమే వింతగా ఉంటుంది. మంగళగిరిలో గుంట మగ్గం మీద నేసిన కాటన్‌లో బట్ట మధ్యలో బొమ్మలుండవు, సాదాగా ఉండి అంచే దాని అందం. నేను అది కొన్నది నేతన్నని ఉద్ధరించడానికి కాదు. అది ఎండకి బావుంటుంది, బ్రష్షుకి తట్టుకుంటుంది, నాకు అలవాటైంది. మళ్ళీ మళ్ళీ కొనేవాళ్ళు కావాలి మగ్గానికి, ఏడాదికొకసారి సెల్ఫీ తీసుకునేవాళ్ళు కాదు.

అసలు నేను రాయాలనుకున్నది దీని గురించి. మా బ్యాచ్‌కి ఒక్క ఏడాదిలో ఐదుసార్లు కలర్ కోడ్ పెట్టారు. ఫ్రెషర్స్ పార్టీ, ఎత్నిక్ డే, సంక్రాంతి సంబరాలు, డిపార్ట్‌మెంట్ ఫెస్ట్, ఫేర్‌వెల్. అబ్బాయిలకి తెల్ల షర్టో ఒక కుర్తానో ఉంటే ఐదూ గడిచిపోతాయి. అమ్మాయికి చీర అంటే చీర ఒక్కటే కాదు, ఫాల్, పీకో, బ్లౌజు కుట్టుకూలి, గాజులు, మ్యాచింగ్. చాలాసార్లు చీర కన్నా బ్లౌజుకే ఎక్కువవుతుంది. తర్వాత ఆ చీర ఇంకోసారి కట్టడానికి ఉండదు, ఎందుకంటే ఫొటోలు పడిపోయాయి. "ఇది ఎత్నిక్ డేకి కట్టినదే కదా" అని ఒక్కరైనా అంటారు. అబ్బాయిని ఎవరూ అనరు. నా నోట్స్‌లోకి ఎక్కిన 47లో 14 ఇలాంటి ఒక్క రోజు కోసమే.

ఒకే రంగులో ఉంటే గ్రూప్ ఫొటో బావుంటుంది, మనమంతా ఒకటే అనిపిస్తుంది అంటారు. ఫొటో బావుంటుంది, ఒప్పుకుంటాను. మనమంతా ఒకటే అన్నదానికి మాత్రం సాక్ష్యం లేదు. పోయిన ఎత్నిక్ డేకి రూముల్లోనే ఉండిపోయినవాళ్ళని నేనే ఆరుగురిని ఎరుగుదును. తలనొప్పి, అసైన్‌మెంటు, ఊరెళ్ళాలి. ఆరుగురికీ ఒకే రోజు. నాలుగు జతలున్న నా జూనియర్ వాళ్ళలో ఒకతె. బతుకమ్మ ఆడేటప్పుడు ఏ రంగు కట్టుకురావాలో ఎవరు చెబుతారు? ఆ ఫొటోలు చూడండి, మన పీచ్ కలర్ ఫొటో కన్నా ఎంత కళగా ఉంటాయో.

దీనికి బదులు 'అమ్మ చీర' థీమ్ పెడదామని ఒక ఫ్రెండ్ అంది. వినడానికి బావుంది. కానీ అదీ పోటీ అవుతుంది. ఎవరమ్మకి కంచి పట్టు ఉంది, ఎవరమ్మకి లేదు అన్నది స్టేజీ మీదకి వస్తుంది. థీమే వద్దు. ఉన్నది కట్టుకుని రండి అంటే చాలు. కావాలంటే హాస్టల్లో మార్చుకోవచ్చు. చీరకి సైజు లేదు, అదే దాని గొప్పతనం. బ్లౌజు దగ్గరే చిక్కు, దానికి నల్లదొకటి, బంగారు రంగుదొకటి ఉంటే ఏ చీరకైనా నడిచిపోతుంది. మా ఫ్లోర్‌లో ఫేర్‌వెల్‌కి ఏడు చీరలు చేతులు మారాయి. ఒక్కటి కూడా చిరగలేదు, ఒకదానికి మాత్రం ఐస్‌క్రీం మరక.

ఈసారి ఫ్రెషర్స్ పార్టీ ఆగస్టులో. గ్రూపులో ఇప్పటికే పోల్ పెట్టారు: పీచ్, లావెండర్, వైన్ రెడ్. 'కోడ్ వద్దు' అని నాలుగో ఆప్షన్ చేర్చమని అడిగాను, రెండు రోజులకి చేర్చారు. ఇది పంపే సమయానికి పీచ్‌కి 43, కోడ్ వద్దుకి 17. పోల్ ఆదివారం రాత్రి దాకా తెరిచే ఉంటుంది.