లూప్ లైన్‌లో నలభై నిమిషాలు

సంక్రాంతి సెలవుల్లో నేను రెండు రైళ్లని ఎదురెదురుగా గుద్దించాను. ఎవరికీ ఏమీ కాలేదు, రెండూ కంప్యూటర్‌లోవే. కానీ ఆ రాత్రి నుంచి మా ఏడుగురి బ్యాచ్ రెండు ముక్కలైంది. "ఇంత సీరియస్‌గా ఆడితే ఎవడొస్తాడ్రా, రియలిజం తగ్గించెయ్" అని ఐదుగురు. "రియలిజం చాలకే గుద్దుకున్నాయి" అని ఇద్దరం. వాట్సాప్ వాయిస్ నోట్లలో ఈ గొడవ తేలలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం బాపతు, ఒత్తులు తప్పితే క్షమించండి.

ముందు తెలియనివాళ్ల కోసం. ట్రైన్ సిమ్యులేటర్ అనగానే చాలామందికి ఫోన్‌లో డబ్ల్యూఏపీ-7 ఇంజన్ తీసి హారన్ కొట్టడమే గుర్తొస్తుంది. తప్పేం లేదు, టెన్త్‌లో నేనూ అదే చేశా. ఆపరేటింగ్ సెషన్ అంటే వేరు. ఒకే లైన్ మీద ఒకేసారి ఏడెనిమిది మంది ఉంటారు. కొందరు రైళ్లు నడుపుతారు, కొందరు స్టేషన్ మాస్టర్లు, ఒకరు సెక్షన్ కంట్రోలర్. ఒక టైమ్ టేబుల్ ఉంటుంది. ఏ రైలు ఎక్కడ ఆగాలి, ఏది ముందు పోవాలి అని మాట్లాడుకుంటూ రెండు గంటలు ఆ సెక్షన్ నడపాలి. పాయింట్లు ఉండవు, గెలుపు ఉండదు. (పట్టాల పాయింట్లు మాత్రం బోలెడు ఉంటాయి.)

ఇది కొత్త పిచ్చి కాదు. అమెరికాలో బొమ్మ రైళ్లు కట్టుకునేవాళ్లు 1940లకే ఇలా ఆడేవారు. ఫ్రాంక్ ఎలిసన్ అనే ఆయన నాటకాల వైపు నుంచి వచ్చినవాడు. పట్టాలని స్టేజీలాగా, రైళ్లని పాత్రల్లాగా, టైమ్ టేబుల్‌ని కథలాగా చూడాలనేవాడు. ఎంఐటీలో 1946లో పెట్టిన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ సంగతి మన సీఎస్ఈ వాళ్లకి తెలిసే ఉండాలి. 'హ్యాకర్' అన్న మాట మన అర్థంలో పాకింది అక్కడి నుంచే. బల్ల మీద రైళ్లు నడిపేవాళ్ల కంటే బల్ల కింద దూరి రిలేలు, వైర్లు కలిపేవాళ్లే చివరికి కంప్యూటర్ల వైపు పోయారు. ఇప్పుడు కంప్యూటర్లలో రన్8 అనే సిమ్యులేటర్‌లో కాలిఫోర్నియా లైన్ల మీద డిస్పాచర్‌తో సహా సెషన్లు నడుపుతారు. బ్రిటన్ వాళ్ల సిమ్‌సిగ్‌లో అయితే రైలే కనపడదు. సిగ్నల్ ప్యానెల్ మాత్రమే, గీతలు, ఎర్ర చుక్కలు. దాని ముందు గంటలు గంటలు కూర్చునేవాళ్లున్నారు.

మాది బీద సెటప్. ఓపెన్ రైల్స్ ఫ్రీ, ఓపెన్ సోర్స్, సీ షార్ప్‌లో రాసింది. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ రూట్లని అది నడుపుతుంది. మల్టీప్లేయర్ ఉంది, హోస్ట్ చేసినవాడే డిస్పాచర్. అందరి దగ్గరా ఒకే రూట్, అవే బోగీలు ఉండాలి. మొదటి రెండు వారాలు ఫోల్డర్లు సరిచూసుకోవడానికే సరిపోయాయి. హాస్టల్ వైఫైలో పోర్టులు తెరుచుకోవు, అందుకే సెలవుల్లో మా ఇంటి నుంచి హోస్ట్ చేశా. రూట్ ఏమో మోంటానా కొండల్లోని మరియాస్ పాస్. అందులో సింగిల్ లైన్ ముక్క ఒకటి తీసుకుని మూడు స్టేషన్లకి మన పేర్లు పెట్టుకున్నాం: హసన్‌పర్తి, ఉప్పల్, జమ్మికుంట. (ఈ ఉప్పల్ హైదరాబాద్ ఉప్పల్ కాదు, మన కాజీపేట దాటాక వచ్చేది.) నిజం లైన్‌లో ఒకదాని పక్కన ఒకటి పట్టాలున్నాయి, మాది ఒక్కటే పట్టా. మంచు కొండల మధ్య జమ్మికుంట ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కాజీపేట పక్కన పెరిగినవాడికి ఇదంతా ఎందుకో చెప్పక్కర్లేదు. ఢిల్లీ, చెన్నై, సికింద్రాబాద్ మూడు దారులూ కలిసే చోటు. నిజాం కాలంలో సికింద్రాబాద్ నుంచి బెజవాడ వైపు లైన్ 1889కి పూర్తయితే, కాజీపేట నుంచి బల్లార్షా వైపు 1929లో కలిసింది. ఇప్పుడు రామగుండం బొగ్గు కూడా ఇదే దారి. చిన్నప్పుడు గేటు దగ్గర స్కూల్ ఆటోలో కూర్చుని గూడ్స్ బోగీలు లెక్కపెట్టని పిల్లలు మా వైపు ఉండరు. యాభై ఎనిమిది వరకూ వెళ్లేది లెక్క. అది ఎక్కడో ఒకచోట గంటలకొద్దీ నిలబడి వచ్చిందని అప్పుడు తెలీదు.

ఇక ఆ రాత్రి. ఏడుగురిలో ఒకడు రాలేదు, వాళ్లింట్లో ఏదో ఫంక్షన్. వాడు ఉప్పల్ స్టేషన్ మాస్టర్. సరే అని కంట్రోలర్‌తో పాటు ఉప్పల్ కూడా నేనే తీసుకున్నా. అదీ నా మొదటి తప్పు, అప్పుడు తప్పులా అనిపించలేదు. ఉప్పల్ లూప్‌లో బొగ్గు గూడ్స్ ఆగి ఉంది, అది జమ్మికుంట వైపు పోవాలి. జమ్మికుంట నుంచి ఎక్స్‌ప్రెస్ ఇటు రావాలి. ఎక్స్‌ప్రెస్‌కి లైన్ క్లియర్ నేనే ఇచ్చా. అది బయల్దేరింది. మధ్యలో దాన్ని నడిపేవాడికి నెట్ పోయింది. కొంతసేపటికి నా మ్యాప్‌లోంచి ఆ రైలు మాయమైంది.

గూడ్స్ వాడు అప్పటికి నలభై నిమిషాలుగా లూప్‌లో ఉన్నాడు. మ్యాగీ తిన్నాడు, రీల్స్ చూశాడు, మళ్లీ వచ్చాడు. "మామా, లైన్ ఖాళీయే కదరా, ఒక్క గ్రీన్ ఇవ్వు, నిద్రొస్తోంది." నేను మ్యాప్ చూశా. ఖాళీగానే ఉంది. డిస్పాచర్‌కి సిగ్నల్‌ని బలవంతంగా గ్రీన్ చేసే ఆప్షన్ ఉంటుంది, రైట్ క్లిక్ చేశా. జమ్మికుంటని అడగలేదు. అక్కడ ఉన్నవాడు ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు, మ్యూట్‌లో. ఐదు నిమిషాలకి ఎక్స్‌ప్రెస్ వాడికి నెట్ వచ్చింది, రైలు తన చోటికే తిరిగొచ్చింది, కదిలింది. వంపు తిరగ్గానే హెడ్‌లైట్. వాడు ఎమర్జెన్సీ బ్రేక్ కొట్టాడు. దిగుడులో వస్తున్న గూడ్స్ ఎక్కడాగుతుంది? ముక్కుకి ముక్కు ఆనుకుని నిలబడ్డాయి. పొగ లేదు, పేలుడు లేదు. ఇద్దరూ పడి పడి నవ్వారు, తర్వాత నన్ను తిట్టారు.

మా తాత వెనక కుర్చీలో ఉన్నాడు. అమ్మ వాళ్ల నాన్న. ఈ సెక్షన్‌లోనే స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. అంతసేపూ ఏం మాట్లాడలేదు. అప్పుడు మాత్రం, "ఎవన్నడిగి ఇడిచినవ్‌రా?" అన్నాడు.

"లైన్‌లో ఏం కనపడలేదు తాతా."

"కనవడకపోతే లేనట్టా?"

నవ్వలేదు, కోప్పడలేదు. లేచి పడుకోడానికి పోయాడు. మర్నాడు పొద్దున నా నోట్‌బుక్ చివరి పేజీ చింపి, రెండంకెల నంబర్లు అడ్డదిడ్డంగా రాసిచ్చాడు. ప్రైవేట్ నంబర్లు. ఒక స్టేషన్ మాస్టర్ పక్క స్టేషన్‌కి ఫోన్‌లో మాటిచ్చినప్పుడు ఆ మాటకి ఒక నంబర్ కలిపి ఇస్తాడు. ఇచ్చిన నంబర్ కొట్టేయాలి. ఇచ్చినవాడూ రాసుకోవాలి, పుచ్చుకున్నవాడూ రాసుకోవాలి. "నాకు వినపడలేదు", "నేను అనలేదు" అనడానికి లేదు. నాకు నేనే రెండు స్టేషన్లయి కూర్చుంటే ఎవరికిస్తా ఆ నంబర్?

లైన్ క్లియర్ అంటే లైన్ మీద ఏం కనపడట్లేదు అని కాదట. ముందు పోయిన రైలు మొత్తంగా వచ్చి చేరింది, చివరి బోగీని ఒకరు కళ్లారా చూశారు, హోమ్ సిగ్నల్ దాటాక ఇంకో 180 మీటర్లు కూడా ఖాళీ, అప్పుడే కొత్త రైలుకి లైన్ ఇస్తారు. చివరి బోగీ వెనక పెద్ద ఇంటూ గుర్తు, 'ఎల్‌వీ' అని చిన్న బోర్డు, రాత్రయితే ఎర్ర దీపం చూసే ఉంటారు. లాస్ట్ వెహికల్. రైలు మధ్యలో తెగిపోయి సగం బోగీలు వెనకే ఉండిపోతే ఎలా తెలుస్తుంది? ఆ బోర్డు రాకపోతే తెలుస్తుంది. ఇన్నేళ్లు ఆ ఇంటూని డెకరేషన్ అనుకున్నా నేను.

మన సిలబస్‌లో దీనికి పేర్లున్నాయి. ఒక బ్లాక్‌లో ఒకే రైలు అంటే మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్. డైక్‌స్ట్రా 1960లలో సెమఫోర్ అన్న మాట తెచ్చింది రైల్వే చేతి సిగ్నళ్ల నుంచే. జవాబివ్వని నోడ్ చచ్చిపోయిందో, నెమ్మదిగా ఉందో బయటినుంచి తేల్చలేం అని డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో చెప్తారు. సరిగ్గా ఆ తప్పే చేశా. చదివితే ఎక్కనిది మోంటానాలో ఎక్కింది.

అందుకే మా ఐదుగురితో నా పేచీ. వాళ్ల దృష్టిలో రియలిజం అంటే గేజీలు కరెక్ట్‌గా ఉండటం, హారన్ అసలుదే ఉండటం, బ్రేక్ పైపు ప్రెజర్. అవన్నీ మా దగ్గర ఉన్నాయి, అయినా గుద్దుకున్నాయి. చక్రాల్లో పెట్టిన రియలిజం మాటల్లో పెట్టలేదు. అడగడం, నంబర్ తీసుకోవడం, తోక చూసి చెప్పడం. ఇవి తీసేసి గ్రాఫిక్స్ ఉంచుకుంటే అది ఆపరేటింగ్ సెషన్ కాదు, ఏడుగురు ఏడు గదుల్లో ఒంటరిగా ఆడే ఆట.

"గేమే కదా" అనేదానికి నా దగ్గర సూటి జవాబు లేదు. గేమే. కానీ 2023 జూన్ 2న ఒడిశాలో బహనాగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ సిగ్నల్ గ్రీన్ ఇచ్చింది, పట్టా మాత్రం లూప్ వైపు తిరిగి ఉంది. లూప్‌లో గూడ్స్ ఆగి ఉంది. 290 మందికి పైగా పోయారు. సిగ్నల్ పనుల్లో జరిగిన తప్పులే కారణమని విచారణలో తేలింది. అప్పుడు న్యూస్ చూసి మా ఇంట్లో టీవీ కట్టేశారు. లూప్, మెయిన్, గ్రీన్ అని మేం సరదాగా వాడే మాటలే అవి. ఆ తర్వాత సిగ్నల్ మీద రైట్ క్లిక్ చేసి గ్రీన్ చేయడం చిన్న విషయం అని నేననలేను.

అయితే ఐదుగురు చెప్పేదాంట్లో ఒకటి నిజం. నలభై నిమిషాలు ఎర్ర సిగ్నల్ చూస్తూ కూర్చోమంటే, అదీ మిడ్స్ ముందు, ఎవడైనా పారిపోతాడు. టైమ్ టేబుల్ వేసింది నేను. ఎక్స్‌ప్రెస్ ఎప్పుడు ఎక్కడుండాలో నిమిషాలతో రాసి, గూడ్స్ దగ్గర 'ఖాళీని బట్టి' అని రాశా. అంటే ఆ ఫ్రెండ్ టైమ్‌కి విలువ లేదని నేనే రాసిచ్చినట్టు. దీనికి మందు రియలిజం తగ్గించడంలో లేదు, అసలు రైల్వేలోనే ఉంది. ఆగి ఉన్న రైలు సిబ్బంది ఖాళీగా కూర్చోరు. పక్క నుంచి పోయే రైలుని చూడాలి. ఎక్కడైనా పొగ వస్తోందా, ఏదైనా వేలాడుతోందా, తోక ఉందా అని చూసి 'ఆల్ రైట్' చూపించుకోవాలి. మా సెషన్‌లో ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. లూప్‌లో ఉన్నవాడు బయటి కెమెరాలోకి వెళ్లి, దాటే రైలు చివరి బోగీ చూసి "ఎల్‌వీ చూశాను" అని చెప్తేనే నేను తర్వాతి రైలుకి లైన్ ఇవ్వగలిగేలా పెడితే? అప్పుడు ఆ సెక్షన్ అంతటికీ ముఖ్యమైనవాడు వాడే. మ్యాగీ తినొచ్చు, ఒక కన్ను బయట పెట్టి.

తాత ఇంకోటి కూడా అన్నాడు. ముప్పై ఏళ్లలో వెయ్యి ఎక్స్‌ప్రెస్‌లు దాటించినా వాటి ముందు భాగం ఎప్పుడూ సరిగ్గా చూడలేదట, చూపంతా వెనక దీపం మీదేనట. ఆయన ఏ రైలూ నడపలేదు. మా బ్యాచ్‌లో మాత్రం స్టేషన్ మాస్టర్ సీటు అంటే ముఖాలు మాడిపోతాయి.

ఇంకో సంగతి, ఇది తెలుగు క్లబ్ కాబట్టి. మొదట్లో మేం వాయిస్‌లో సినిమా పైలట్లలాగా 'రోజర్, ఓవర్' అనేవాళ్లం. పరమ ఎబ్బెట్టు. ఇప్పుడు "ఉప్పల్, గూడ్స్‌కి లైన్ క్లియర్ ఇస్తవా?" "ఇచ్చిన, నంబర్ నలభై ఏడు." "నాలుగు ఏడు, రాస్కున్న." అంతే. ఒకే వాక్యం, ఒకే అర్థం, తిరిగి చెప్పాలి. ఇంటర్ రెండేళ్లూ సంస్కృతం తీసుకుని తెలుగు తప్పించుకున్న నాకు, తెలుగులో ఇంత కచ్చితంగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

వచ్చే శనివారం రాత్రి తొమ్మిదింటికి మళ్లీ పెడుతున్నాం. గంటన్నర చాలు, పొడుగు వద్దు. ఒక్కొక్కరికి ఒక్క సీటే. ఎవరు రాకపోయినా ఆ స్టేషన్ మూసేస్తాం, ఇంకొకరు దాన్ని మొయ్యరు. నెట్ పోయిన రైలు తిరిగొచ్చేదాకా, లేదా దాని డ్రైవర్ ఫోన్ చేసి "నేను రాను" అనేదాకా ఆ బ్లాక్ నిండి ఉన్నట్టే. సిగ్నల్‌ని బలవంతంగా మార్చొద్దని ఓటు పెట్టాం, నాలుగు–మూడుతో గెలిచింది. ఐదుగురిలో ఇద్దరు ఇటు వచ్చారన్నమాట. జమ్మికుంట స్టేషన్ మాస్టర్ సీటు ఇంకా ఖాళీ, అక్కడుండేవాడు ఈసారి ఎక్స్‌ప్రెస్ కావాలన్నాడు. ల్యాప్‌టాప్, హెడ్‌సెట్, ఒక తెల్ల కాగితం ఉంటే చాలు, రైలు నడపడం రాకపోయినా పర్లేదు. కంట్రోలర్ సీటు నాకు ఇవ్వమన్నారు. గూడ్స్ తీసుకున్నా.