పరిమళాల కాఫీ – పేరు ఎవరిది?

సౌదీ అరేబియాలో మన తెలుగువాళ్ళు నలుగురు కూర్చుంటే రెండు విషయాలు తప్పక వస్తాయి. ఒకటి పిల్లల చదువులు. రెండోది, "ఈ ఉద్యోగం అయ్యాక ఏం చేద్దాం?" అన్నది. ఈ మధ్య ఆ రెండో ప్రశ్నకు నాకు తరచుగా వినపడుతున్న జవాబు కాఫీ. గింజలు వేయించే చిన్న మిషను కొని, ఏలకుల కాఫీ, హేజల్‌నట్ కాఫీ, వెనీలా కాఫీ అని ప్యాకెట్లు కట్టి అమ్ముదామని కొందరు మిత్రులు ఉత్సాహపడుతున్నారు. రియాద్, జెద్దాల్లో ఎటు చూసినా కాఫీ షాపులే కనుక ఆ ఉత్సాహం సహజమే. నేను ఇంజనీరునే గాని వ్యాపారిని కాను. అయినా దిగేముందు ఆలోచించవలసిన సంగతులు రెండున్నాయని నా అభిప్రాయం.

మొదటిది గింజ సంగతి. కాఫీకి పరిమళం చేర్చడం కొత్తేమీ కాదు. ఇక్కడ అతిథికి ఇచ్చే గహ్వాకు గింజను లేతగా వేయించి, ఏలకులు దండిగా వేసి కాస్తారు. కుంకుమపువ్వు, లవంగం వేసేవారూ ఉన్నారు. మనవాళ్ళు బాగా వేయించి చికోరీ కలుపుతారు. రెండింటిలోనూ ఏం కలిసిందో తాగేవాడికి తెలుసు. మన దేశంలో చికోరీ కలిపిన పొడి ప్యాకెట్టు మీద ఏది ఎంత శాతమో ముద్రించాలని చట్టమే ఉంది. కాఫీ 51 శాతానికి తగ్గకూడదు.

హేజల్‌నట్, వెనీలాల పద్ధతి వేరు. వేయించిన గింజ మీద వాసన ద్రవాన్ని, సాధారణంగా బరువులో 2, 3 శాతం, చల్లి కలుపుతారు. అందులో తప్పు లేదు. కాని ఆ ఘాటులో నాసిరకం గింజ, పాతబడిన గింజ కూడా చెల్లిపోతుంది. పైన పటారం, లోన లొటారం! చిన్న వ్యాపారి ధరలో పెద్ద కంపెనీలతో పోటీ పడలేడు. కిలో పచ్చిగింజ వేయిస్తే మిగిలేది 800 నుంచి 880 గ్రాములే. అతనికున్న బలమల్లా నమ్మకం. గింజ ఏ కొండదో, ఏ తేదీన వేయించారో, ఏం కలిపారో ప్యాకెట్టు మీద రాయాలి. జాజాన్ కొండల ఖౌలానీ కాఫీ సాగు 2022లో యునెస్కో జాబితాకెక్కింది. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రెండూ పుట్టిన ఊరు చెప్పుకునే పేరు తెచ్చుకున్నాయి.

రెండోది ఇంతకంటె ముఖ్యం. షాపు ఎవరి పేరున? "స్థానికుడెవరి పేరునో లైసెన్సు తీసుకుని, నెలకింత ఇచ్చి మనం నడుపుకుందాం" అన్న మాట ఎంత తేలికగా వినపడుతోందో! దీన్నే ఇక్కడ తసత్తుర్ అంటారు, అంటే మరుగుపరచడం. 2020లో వచ్చిన చట్టం ప్రకారం దీనికి 5 ఏళ్ళ వరకు జైలు, 50 లక్షల రియాళ్ళ వరకు జరిమానా. పేరు ఇచ్చినవాడికీ, వాడుకున్నవాడికీ కూడా. విదేశీయుణ్ణి ఆపైన దేశం నుంచి పంపించివేస్తారు.

"అందరూ చేస్తున్నదేగా" అంటారు కొందరు. సరే, శిక్ష మాట కాసేపు పక్కన పెట్టండి. లైసెన్సు ఆయనది, అద్దె ఒప్పందం ఆయనది, బ్యాంకు ఖాతా ఆయనది. రేపు ఆయన "నువ్వెవరు?" అంటే ఏ కాగితం పట్టుకుని ఏ కోర్టుకు వెళ్తారు? అందులో పెట్టినది అమ్మాయి పెళ్ళికని, అబ్బాయి చదువుకని ఇరవయ్యేళ్ళు కూడబెట్టిన డబ్బు.

దారి లేదని కాదు. పెట్టుబడుల మంత్రిత్వ శాఖ నిబంధనల ప్రకారం విదేశీయుడు సొంత పేరున వ్యాపారం నమోదు చేసుకునే వీలుంది. ఖర్చూ, కాగితాలూ ఎక్కువే. అంత శక్తి లేనివారు ఇక్కడున్నన్నాళ్ళు గింజ గురించి నేర్చుకుని, తిరిగి వెళ్ళాక విశాఖపట్నంలోనో, విజయవాడలోనో పెట్టుకోవడం మేలు. అరకు గింజ అక్కడికి దగ్గర, బోర్డు మీద పేరూ మనదే ఉంటుంది.

మీ ఇంట్లో ఈ ప్రస్తావన వస్తే మిషను ధర తర్వాత అడగండి. కాగితం మీద పేరు ఎవరిదో ముందు అడగండి. ఇంటి ఇల్లాలు అడిగితే మరీ మంచిది. ఆ డబ్బు ఆమెది కూడా.