ఎలుకలున్నాయని ఇల్లు తగలబెడతామా?

2025 ఫిబ్రవరి 2, ఆదివారం. ప్లేనోలో మా తెలుగు తరగతి. ఆ రోజు పాఠం సామెతలు. కానీ ఎవరి ధ్యాసా పాఠం మీద లేదు. పిల్లలందరూ ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. ముందు రోజు రాత్రి 11 దాటాక వార్త వచ్చింది మరి: డాలస్ మావెరిక్స్ జట్టు లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కి ఇచ్చేసింది!

77 నంబరు జెర్సీ వేసుకొచ్చిన ఒకబ్బాయి చెయ్యెత్తాడు.

"టీచర్‌గారూ, ట్రేడ్ అంటే తెలుగులో ఏంటి?"

"మార్పిడి" అన్నాను.

"మరి మా తాతయ్య ఫోన్‌లో 'మీ లూకాని అమ్మేశారట కదరా' అన్నారు. మనుషుల్ని అమ్మేశారు అనొచ్చా?"

ఆ రోజు ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "తరవాత మాట్లాడుకుందాం" అని పాఠంలోకి వెళ్ళిపోయాను. ఇప్పుడు మీకు చెప్తాను. ఇది నా అభిప్రాయం మాత్రమే. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. కానీ కారణాలు విని, అప్పుడు కాదనండి.

నేను చెప్పేది ఇదీ: ఓడిపోయిన జట్టు మారాలి. అందులో తప్పు లేదు. కానీ ఓటమి ఒక మనిషిలోని లోపాన్ని పెద్దది చేసి చూపిస్తుంది, అతని విలువని చిన్నది చేసి చూపిస్తుంది. ఆ కళ్ళతో చూసి ఎవరు ఉండాలో, ఎవరు వెళ్ళాలో తేల్చకూడదు. మన డాలస్ జట్టు మూడేళ్ళలో రెండుసార్లు ఈ విషయంలో తప్పు చేసింది.

మొదటిది 2022లో. ఆ ఏడాది మావెరిక్స్ చాలా బాగా ఆడింది. మే 15న ఫీనిక్స్‌లో జరిగిన ఏడో గేమ్ మీ అమ్మానాన్నలకి గుర్తుండే ఉంటుంది. ఆ సీజనులో 64 గేములు గెలిచిన ఫీనిక్స్ జట్టు సగం ఆట అయ్యేసరికి మొత్తం కలిపి 27 పాయింట్లు చేసింది. లూకా ఒక్కడే 27 చేశాడు! మనవాళ్ళు 123-90తో గెలిచారు. ఆ తరవాత గోల్డెన్ స్టేట్ చేతిలో 4-1తో ఓడిపోయారు.

ఆ వేసవిలో జట్టు ముందున్న పెద్ద ప్రశ్న జేలెన్ బ్రన్సన్. 2018 డ్రాఫ్ట్‌లో లూకా 3వ వాడు, బ్రన్సన్ 33వ వాడు. అంటే ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోని ఆటగాడు. కానీ 2022 ప్లేఆఫ్స్ మొదట్లో లూకా పిక్క నొప్పితో కూర్చుండిపోయినప్పుడు, యూటా మీద రెండో గేమ్‌లో 41 పాయింట్లు చేసి జట్టుని నిలబెట్టింది అతనే. అంతకుముందు, సీజను మొదలవకముందే, నాలుగేళ్ళకి సుమారు 5.5 కోట్ల డాలర్లతో అతనితో ఒప్పందం చేసుకునే వీలు జట్టుకి ఉంది. చేసుకోలేదు. "చూద్దాంలే" అనుకున్నారు. ప్లేఆఫ్స్ అయ్యాక అతని ధర దాదాపు రెండింతలైంది. న్యూయార్క్ నిక్స్ నాలుగేళ్ళకి 10.4 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకెళ్ళిపోయింది. డాలస్‌కి బదులుగా ఒక్క ఆటగాడు కూడా రాలేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ వేసవిలోనే బ్రన్సన్ వాళ్ళ నాన్న నిక్స్ జట్టులో అసిస్టెంట్ కోచ్‌గా చేరారు. అప్పటికి డాలస్ ఎంత అడిగినా అతను ఉండేవాడు కాదేమో. నేనూ అదే అంటున్నాను. అడగాల్సిన సమయం ముందే దాటిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది.

మనకి ఇంకో సామెత ఉంది: పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. రోజూ కళ్ళ ముందు ఉండేదాన్ని మనం తక్కువగా చూస్తాం. అదే చెట్టు ఊరవతల ఉంటే వెతుక్కుంటూ వెళ్తాం. 2025లో అదే బ్రన్సన్ న్యూయార్క్‌ని ఈస్ట్ ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు. 2000 తరవాత నిక్స్ అంతదూరం వెళ్ళడం అదే మొదటిసారి. బ్రన్సన్ లేని మొదటి ఏడాది డాలస్ 38 గెలిచి, 44 ఓడి, ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు.

ఇక రెండో తప్పు. ఇది ఇంకా పెద్దది.

2024లో డాలస్ ఫైనల్స్‌కి వెళ్ళింది. క్లిప్పర్స్, థండర్, టింబర్‌వుల్వ్స్ మూడు జట్లనీ ఓడించింది. ఫైనల్స్‌లో మాత్రం బోస్టన్ చేతిలో 4-1తో ఓడిపోయింది. జూన్ 17న జరిగిన ఆఖరి గేమ్ 106-88. ఆ సిరీస్‌లో బోస్టన్ వాళ్ళు పదే పదే లూకా కాపలా కాసే వైపే వచ్చి ఆడారు. అతని డిఫెన్స్ బాగోలేదని అందరికీ అర్థమైంది. మూడో గేమ్‌లో 21 పాయింట్ల వెనకబాటుని మనవాళ్ళు 3 పాయింట్ల దాకా తగ్గించాక, లూకా ఆరో ఫౌల్ చేసి బయటకి వెళ్ళాల్సొచ్చింది. ఆ గేమ్ కూడా పోయింది.

ఆ వేసవిలో జట్టు చేసిన మార్పులు సబబుగానే ఉన్నాయి. దూరం నుంచి బాగా వేసే క్లే థాంప్సన్‌ని తెచ్చుకున్నారు. టిమ్ హార్డవే జూనియర్, జాష్ గ్రీన్ వెళ్ళారు. డెరిక్ జోన్స్ జూనియర్ క్లిప్పర్స్‌కి వెళ్ళిపోయాడు. ఏ జట్టయినా ఇలాంటి మార్పులు చేస్తుంది. కానీ జనరల్ మేనేజర్ నీకో హారిసన్ మనసులో ఆ ఫైనల్స్ ఓటమి అలాగే ఉండిపోయిందని నాకనిపిస్తుంది. ఏడున్నర నెలల తరవాత, లూకా కాలి గాయంతో ఆడకుండా ఉన్న సమయంలో, అతన్ని లేకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా యాంథనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 మొదటి రౌండ్ డ్రాఫ్ట్ అవకాశం వచ్చాయి. డిఫెన్సే కప్పు గెలిపిస్తుందని హారిసన్ చెప్పిన కారణం.

ఆయన పక్షాన కూడా కొంచెం ఆలోచిద్దాం. డేవిస్ మంచి ఆటగాడే. డిఫెన్స్‌లో లూకా కన్నా చాలా గొప్పవాడు. లూకా ఒంటిని సరిగ్గా చూసుకోవడం లేదన్న మాట ఎప్పటినుంచో ఉంది. 2025 వేసవిలో అతనికి ఐదేళ్ళకి సుమారు 34.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వాల్సి వచ్చేది. అంత డబ్బు పెట్టేముందు ఏ మేనేజరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇవన్నీ నిజాలే.

కానీ ఇవన్నీ ఎలుకలు. ఎలుకలున్నాయని ఎవరైనా ఇల్లు తగలబెట్టుకుంటారా?

ఇల్లు ఏంటో చూడండి. లూకాకి అప్పుడు 25 ఏళ్ళు. 2023-24లో గేముకి 33.9 పాయింట్లతో లీగులో అందరికన్నా ముందున్నాడు. వరసగా ఐదేళ్ళు లీగు మొదటి జట్టులో చోటు సంపాదించాడు. డేవిస్‌కి ఆ మార్చిలో 32 నిండాయి. ఇంకో విషయం. 2024లో ఫైనల్స్‌కి వెళ్ళిన జట్టుని కట్టింది కూడా ఇదే హారిసన్. కైరీ ఇర్వింగ్‌ని, పి.జె. వాషింగ్టన్‌ని, డేనియల్ గాఫర్డ్‌ని తెచ్చింది ఆయనే. లూకా చేయలేని పనుల్ని చేసేవాళ్ళని లూకా చుట్టూ పెట్టినప్పుడు ఆయన నెగ్గాడు. లూకానే తీసేసినప్పుడు ఓడిపోయాడు.

మరి ఓడిన జట్టు ఏం చేయాలి? జవాబు మనల్ని ఓడించిన బోస్టన్ దగ్గరే ఉంది. వాళ్ళు 2022 ఫైనల్స్‌లో ఓడారు. 2023లో సొంత ఊళ్ళో ఏడో గేమ్ ఓడారు. జేసన్ టేటమ్, జేలెన్ బ్రౌన్ కలిసి ఆడితే కప్పు రాదని చాలామంది అన్నారు. బోస్టన్ వాళ్ళిద్దర్నీ ఉంచుకుంది. అభిమానులు ఎంతో ఇష్టపడే మార్కస్ స్మార్ట్‌ని మాత్రం వదులుకుని పోర్జింగిస్‌ని తెచ్చుకుంది. తరవాత జ్రూ హాలిడేని తెచ్చుకుంది. కాండం ఉంచి కొమ్మలు కత్తిరించారు. మరుసటి ఏడాదే కప్పు గెలిచారు.

అంత దూరం ఎందుకు, మన డాలస్ కథే చూడండి. 2006 ఫైనల్స్‌లో మయామీ మీద 2-0తో ముందుండి, వరసగా నాలుగు ఓడారు. 2007లో 67 గేములు గెలిచి, ఎనిమిదో స్థానంలో ఉన్న గోల్డెన్ స్టేట్ చేతిలో మొదటి రౌండులోనే ఓడారు. డర్క్ నొవిట్స్కీ మెతకవాడు, అతనితో కప్పు రాదు అన్నారు జనం. అప్పుడు కోచ్ మారాడు. జేసన్ కిడ్ వచ్చాడు. టైసన్ చాండ్లర్ వచ్చాడు. డర్క్ మాత్రం ఉన్నాడు. 2011లో అదే మయామీని 4-2తో ఓడించి కప్పు తెచ్చాడు. డాలస్‌కి ఉన్నది ఆ ఒక్క కప్పే. మొత్తం 21 సీజన్లూ డర్క్ ఇక్కడే ఆడాడు.

ప్లేనోలో పార్కర్ రోడ్ స్టేషన్ దగ్గర డార్ట్ రైలెక్కి డాలస్ వెళ్తే, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ బయట డర్క్ విగ్రహం చూడొచ్చు. 2022 క్రిస్మస్ రోజున ఆవిష్కరించారు. వెనక్కి వాలుతూ ఒంటికాలి మీద బంతి వేస్తున్నట్టు ఉంటుంది. విధేయత ఎన్నటికీ మాసిపోదు అనే అర్థం వచ్చే మాట దాని మీద చెక్కి ఉంది. లూకా వెళ్ళిపోయిన వార్త విని జనం కోపంతో, ఏడుపుతో చేరింది ఆ విగ్రహం దగ్గరికే. ఎందుకో మీకు అర్థమైందనుకుంటాను.

క్రికెట్ చూసే మీ నాన్నలని, మామయ్యలని అడగండి, వాళ్ళ దగ్గరా ఇలాంటి కథ ఉంది. 2016లో హైదరాబాద్ సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిన కెప్టెన్ డేవిడ్ వార్నర్. ఆస్ట్రేలియావాడే అయినా తెలుగు పాటలకి డాన్సు చేస్తూ వీడియోలు పెట్టి మన ఇళ్ళల్లో మనిషైపోయాడు. 2021లో జట్టు ఓడిపోతుంటే సీజను మధ్యలో అతని కెప్టెన్సీ తీసేశారు. తరవాత జట్టులోంచే తప్పించారు. అయినా సన్‌రైజర్స్ ఆఖరి స్థానంలోనే నిలిచింది. అదే ఏడాది నవంబరులో ఆస్ట్రేలియా టీ20 ప్రపంచకప్పు గెలిచింది. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడు ఎవరో తెలుసా? వార్నరే.

ఇప్పుడు మీలో ఒకరు అడుగుతారు: "కానీ టీచర్‌గారూ, లూకా వెళ్ళాకే కదా కూపర్ ఫ్లాగ్ వచ్చాడు?" మంచి ప్రశ్న. ట్రేడ్ తరవాత డేవిస్ మొదటి గేమ్‌లోనే గాయపడ్డాడు. మార్చిలో కైరీ మోకాలు దెబ్బతింది. డాలస్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేకపోయింది. దాంతో డ్రాఫ్ట్ లాటరీలో చోటు దొరికింది. మొదటి స్థానం వచ్చే అవకాశం 1.8 శాతం. అయినా వచ్చింది! ఫ్లాగ్ మన జట్టుకొచ్చాడు. నాకూ సంతోషమే. కానీ లాటరీ తగిలిందని, ఇల్లు తగలబెట్టడం తెలివైన పని అయిపోదు. నిర్ణయం వేరు, అదృష్టం వేరు. అలాగే లూకా ఉంటే డాలస్ తప్పకుండా గెలిచేదని కూడా నేననను. ఆ ఏడాది అతని లేకర్స్ కూడా మొదటి రౌండులోనే 4-1తో ఓడిపోయింది. గెలుపు ఎవరి చేతిలోనూ పూర్తిగా లేదు. ఎలా నిర్ణయించుకోవాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

2025 నవంబరు 11న, మొదటి 11 గేముల్లో 8 ఓడిపోయాక, జట్టు హారిసన్‌ని తీసేసింది. చాలామంది సంబరపడ్డారు. నేను పడలేదు. ఒక మనిషిని పంపించేస్తే అంతా బాగైపోతుందనుకోవడం మళ్ళీ అదే పొరపాటు కదా! ఆయన్ని పెట్టుకున్నవాళ్ళు, ఆ ట్రేడ్‌కి సరేనన్న యజమానులు అక్కడే ఉన్నారు.

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. "అమ్మేశారు" అనొచ్చా? వ్యాకరణం ప్రకారం "మార్చుకున్నారు" అనాలి. లూకాకి బదులుగా డాలస్‌కి వచ్చింది డబ్బు కాదు, ఆటగాళ్ళు. కానీ తాతయ్య మాటలో ఒక నిజం ఉంది. మార్పిడిలో రెండు వైపులా తూకం వేస్తాం. "అమ్మేశారు" అన్నప్పుడు మాత్రం "మనింట్లోది పోయింది" అన్న బాధ వినిపిస్తుంది. ఇంట్లో ఆవుని అమ్మేసినప్పుడు, ఊళ్ళో పొలం అమ్మేసినప్పుడు పెద్దవాళ్ళ గొంతులో వినిపించే బాధ అది. మేనేజర్ కాగితం మీద పాయింట్లు, వయసు, జీతం ఉన్నాయి. తాతయ్య చెప్పిన ఆ లెక్క లేదు. 2025 ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీలో డాలస్ వచ్చినప్పుడు, అతని కోసం వేసిన వీడియో చూసి బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. తరవాత లేచి మన మీదే 45 పాయింట్లు చేశాడు. మనవాళ్ళు ఓడిపోతున్నా చప్పట్లు కొట్టారు. ఆ లెక్క కూడా ఉందని ఆ రాత్రి అందరికీ తెలిసింది.

మీ స్కూల్ జట్టులోనో, మీ స్నేహితుల్లోనో ఇలాంటి రోజు మీకూ వస్తుంది. ఓడిపోయి ఇంటికొస్తారు. ఎవరో ఒకరి తప్పు కళ్ళ ముందు పెద్దగా కనబడుతుంది. ఆ రాత్రి ఏమీ తేల్చకండి. మర్నాడు ఒక కాగితం తీసుకుని, ఒకవైపు అతని లోపాలు రాయండి. రెండోవైపు, అతను లేకపోతే మీకు ఏం పోతుందో రాయండి. రెండూ చదివాక మాట్లాడండి.

మీ వంతు: మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి: వాళ్ళు తొందరపడి వదులుకుని, తరవాత బాధపడినది ఏమిటి? వాళ్ళు చెప్పింది పది వాక్యాల్లో రాసుకురండి. నాతో ఒప్పుకోనివాళ్ళు, ఎందుకు ఒప్పుకోరో ఐదు వాక్యాల్లో రాయండి. వచ్చే ఆదివారం ముందు మీ కాగితాలే చదువుకుందాం.