థీసిస్‌లు ఊరికి తిరిగిరావాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పంటి డాక్టర్లకు అలవాటైన మాట ఒకటుంది: "పళ్లకు గార పట్టింది సార్, క్లీనింగ్ చేయండి." క్లీనింగ్‌తో పోయేది గార మాత్రమే. పంటిని దూదితో తుడిచి, ఆరనిచ్చి, వెలుతురులో చూస్తే గారకూ, నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే మచ్చకూ తేడా తెలుస్తుంది. గార చిగురు అంచున పేరుకుంటుంది. ఫ్లోరైడ్ మచ్చ సుద్దగీతల్లా పంటికి అడ్డంగా, కుడివైపూ ఎడమవైపూ ఒకేలా ఉంటుంది. ఏళ్లు గడిచాక గోధుమరంగుకు తిరుగుతుంది. దాన్ని బొగ్గుతో, ఇటుకపొడితో రుద్దితే అరిగేది ఎనామెలే.

ఈ సంగతి మన డాక్టర్లకు కొత్త కాదు. 1937లోనే షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు) రోగుల గురించి ప్రచురించారు. వీరిలో బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు; మద్రాసులో ఆయన పేరుతో రేడియాలజీ సంస్థ ఉంది. ఎముక మామూలుకంటే తెల్లగా, చిక్కగా కనబడటం, కీళ్ల చుట్టూ ఉండే కట్లు (లిగమెంట్లు) గట్టిపడటం ఫిల్ముల్లో తేలింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బును లాన్సెట్‌లో వివరించారు. న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి వెన్నుపాము నలిగి నడక పోయినవాళ్ల గురించి రాశారు. ఆపరేషన్ చేసి ఒత్తిడి తీయొచ్చు గానీ, పోయిన నడక మళ్లీ వస్తుందని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు.

అసలు కీలకం పంటిలో ఉంది. జ్ఞానదంతాలను పక్కనపెడితే, ఎనామెల్ ఏర్పడటం ఎనిమిదేళ్లలోపే దాదాపు ముగుస్తుంది. అంటే పన్నెండేళ్ల పిల్లాడి ముందుపళ్లు వాడు పసితనంలో తాగిన నీళ్ల సంగతి చెబుతున్నాయి. ఎముక దెబ్బతినడానికి దశాబ్దాలు పడుతుంది. పన్ను ముందే హెచ్చరిస్తుంది. ఆ లెక్కన బడిలో పెట్టే దంత శిబిరం నీటి సర్వే కూడా. మనవాళ్లు దాన్ని బ్రష్షులు పంచే కార్యక్రమంగానే చూస్తున్నారు.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, రిమ్స్ వైద్య కళాశాల ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రజ్ఞులు జిల్లాలో బోరునీళ్లు పరీక్షించి, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందని ప్రచురించారు. గండి దగ్గర కొండను చీల్చుకొని పారే పాపాఘ్ని ఎండితే ఊళ్లకు బోరే దిక్కు. రాతి పగుళ్లలో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ చేరుతుంది. మన దగ్గర ఈ శాస్త్రాలన్నీ ఉన్నా, పన్ను ఒక థీసిస్‌లో, నీరు ఇంకో పత్రికలో, ఎక్స్‌రే మూడో బీరువాలో ఉంటాయి.

బడుల్లో చేసే పళ్ల సర్వేల్లో లోపాలూ ఉన్నాయి. ఒక్కరోజు వెళ్లి పళ్లు లెక్కపెడితే ఆ పిల్లాడు పుట్టింది ఎక్కడో, వేరే ఊరి నీళ్లు తాగాడో లేదో తేలదు. ఇప్పుడు ఇళ్లకు క్యాను నీళ్లు వస్తున్నాయి. అయినా కొన్ని ఇళ్లలో అన్నం, పప్పు బోరునీళ్లతోనే ఉడుకుతున్నాయి. వంటకు ఏ నీరని అడగని ప్రశ్నపత్రం సగం పనే చేసినట్టు. వంట సంగతికే వస్తే, 2002లో పోషకాహార సంస్థ వాళ్లే బడిపిల్లలకు చింతపండు పెడితే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోయిందని గమనించారు. మన పులుసుకు గొప్పే గానీ, కొద్దిమంది మీద కొన్నాళ్లు చూసిన ఫలితం అది. చెడ్డ బోరుకు మందు కాదు.

దంతవైద్యంలో పీజీ అయిన ఎం.డి.ఎస్. పట్టాకు థీసిస్ తప్పనిసరి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం దానికి ఒక్క షరతు చేర్చాలి: సర్వే చేసిన బడికి, పంచాయతీకి ఏ బోరు నీళ్లు పిల్లలకు పనికిరావో తెలుగులో ఒక పేజీ రాసి ఇచ్చాకే థీసిస్ స్వీకరించాలి.